రాత్రికి రాత్రి మందగించిన టీవీ

ప్రశ్న: అన్నగారూ, మాది కావలి. 2022 సంక్రాంతికి ట్రంకు రోడ్డులో ఒక షాపులో 43 అంగుళాల స్మార్ట్ టీవీ తీసుకున్నాం. 27 వేలు, ఈఎంఐ మీద. పోయిన నెల దాకా ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందని వచ్చింది. మేమెవరం ఏమీ నొక్కలేదు. అప్పటి నుంచి రిమోట్ నొక్కితే ఐదారు సెకన్లకి గానీ కదలదు. మా మామగారు తెల్లారగానే సుప్రభాతం పెట్టుకునే యాప్ తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకోదు. ఇంకో యాప్‌లో "ఈ టీవీలో ఇక పనిచేయదు" అని వస్తోంది. మొదటి పేజీ నిండా ప్రకటనలే. మొన్న ఒక దయ్యాల సినిమా బొమ్మ చూసి మా ఆరేళ్ళ పాప జడుసుకుంది. కస్టమర్ కేర్‌కి చేస్తే వారంటీ లేదు, మెయిన్ బోర్డు మార్చాలి, 9,500 అవుతుందన్నారు. షాపాయన టీవీల మీద జీఎస్టీ తగ్గింది, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది ఇస్తానంటున్నాడు. మా ఆయన సరేనంటున్నారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మరిదిని అడిగితే "సాఫ్ట్‌వేర్ అంటే అంతే వదినా, నాలుగేళ్ళు వచ్చిందంటే ఎక్కువే" అన్నాడు. వాళ్ళు చెడగొట్టినదానికి మేమెందుకు డబ్బు కట్టాలి? ఇంకో భయం కూడా ఉంది. ఈ టీవీ మా మాటలు వింటుందా?
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, కొత్త టీవీ కొనకండి. 9,500 పోసి బోర్డు కూడా మార్పించకండి. మీ ఆయన ఎక్స్ఛేంజ్ కాగితం మీద సంతకం పెట్టేలోపు ఈ రెండు మాటలూ చేరాలని ముందే రాసేస్తున్నాను. ఎందుకన్నది తీరిగ్గా చెబుతాను.

నేను ఒకప్పుడు నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసేవాణ్ణి. డయనోరాలు, సాలిడేర్లు, చెక్క షట్టర్ల టీవీలు. అప్పటి మన జిల్లా దక్షిణ కొసన ఉన్న ఊళ్ళవాళ్ళు తాటిచెట్టంత యాంటెన్నా ఎత్తి మద్రాసు దూరదర్శన్ పట్టుకునే రోజులవి. అప్పటి రిపేర్లకి ఒక వాసన ఉండేది. లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే గది నిండా కమురు కంపు వచ్చేది. వెనక మూత తీసి, కాలిన ముక్కని బయటికి లాగి, టీవీ తెచ్చినాయన అరచేతిలో పెట్టేవాణ్ణి. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, బేరమాడి, డబ్బులిచ్చేవాడు. ఏది పోయిందో ఆయనకీ తెలిసేది, దేనికి డబ్బు ఇస్తున్నాడో కూడా తెలిసేది.

మీ టీవీలో ఏదీ కాలలేదు. వాసనా లేదు. అందుకే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంట్లో కేబుల్ బాక్సో, ఫైబర్‌నెట్ బాక్సో ఉంటే హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించి ఒక గంట చూడండి. బొమ్మ తేటగా ఉందా? గీతలు, నల్లమచ్చలు, ఒక పక్క చీకటి లాంటివి లేవా? బాక్సు రిమోట్‌తో ఛానళ్ళు టక్కున మారుతున్నాయా? అయితే మీ టీవీకి జబ్బేమీ లేనట్టే. స్మార్ట్ టీవీ అంటే ఒకే పెట్టెలో రెండు వస్తువులు. ఒకటి తెర, అంటే ప్యానెల్, దాని వెనక వెలిగే బ్యాక్‌లైట్. జాగ్రత్తగా వాడితే ఎనిమిది పదేళ్ళు కూడా వస్తుంది. రెండోది అరచేతంత కంప్యూటర్. ఆ ధరలో ఆ ఏడాది అమ్మిన టీవీల్లో చాలావాటికి 1-2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ ఉండేవి. ఆ ఎనిమిదిలో సగానికి పైగా టీవీ సొంత సాఫ్ట్‌వేరే కూర్చుంటుంది. మిగిలిన చోటులో యాప్‌లు ఏటేటా లావెక్కుతుంటాయి. మీ ఇంట్లో ముసలిదైంది ఆ రెండోదొక్కటే. దాని కోసం మొదటిదాన్ని కూడా ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వడమంటే, పొయ్యి ముట్టించే లైటర్ పనిచేయలేదని పొయ్యినే మార్చినట్టు.

బోర్డు సంగతి. 9,500 పెట్టి వాళ్ళు వేసేది అదే మోడలు బోర్డు, అదే చిప్పు, అదే ర్యామ్. నెట్ తగిలించగానే అదే అప్‌డేట్ మళ్ళీ దిగుతుంది. వారం తిరక్కముందే మళ్ళీ ఇదే ఉత్తరం నాకు రాస్తారు. కస్టమర్ కేర్ అమ్మాయిని తప్పుపట్టను, ఆమె ముందున్న తెర మీద "బోర్డు మార్చాలి" అనే ఉంటుంది. కానీ సర్వీసు మెకానిక్‌ని "కొత్త బోర్డులో సాఫ్ట్‌వేర్ వేరేదా?" అని ఒక్క ప్రశ్న అడగండి. నిజాయితీగల మనిషైతే తల అడ్డంగా ఊపుతాడు.

మీరు రాసినదాంట్లో రెండు వేరువేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. "ఈ టీవీలో ఇక పనిచేయదు" అని వచ్చే యాప్ విషయంలో మీ టీవీ కంపెనీ తప్పు ఉండకపోవచ్చు. యాప్ చేసినవాళ్ళే పాత టీవీలను వదిలేస్తుంటారు. 2015లో యూట్యూబ్ తన పాత పద్ధతిని మూసేస్తే, 2012లోనూ అంతకు ముందూ వచ్చిన చాలా టీవీల్లో ఆ యాప్ ఆగిపోయింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడా 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ టీవీలను అలాగే వదిలేసింది. ఆ సామ్‌సంగ్‌లు అప్పటికి ఎనిమిది, తొమ్మిదేళ్ళ టీవీలు. మీది నాలుగేళ్ళది. ఆ తేడా మీ మరిదికి గుర్తు చేయాల్సిందే, కానీ ఆ యాప్ గురించి టీవీ కంపెనీతో గొడవపడితే ఉపయోగం ఉండదు.

సుప్రభాతం యాప్ తిరుగుతూ ఉండిపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టీవీలో తేదీ ఎంతుందో చూడండి. నవ్వొద్దు. ఈ టీవీల్లో గడియారానికి వేరే బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. యాప్ తన సర్వర్‌తో మాట్లాడేముందు ఆ సర్వర్ గుర్తింపు పత్రం చూస్తుంది, దాని మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో ఉంటుంది. టీవీ ఇంకా 2018లోనే ఉన్నాననుకుంటే ఆ పత్రం చెల్లదంటుంది. తేదీని ఆటోమేటిక్‌లో పెట్టి, ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి రెండు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. అలా కుదిరిపోతే మామగారి సమస్య పైసా ఖర్చు లేకుండా తీరినట్టే.

ఇక మిగిలిన మందకొడితనం, ప్రకటనలు. ఇవి అప్‌డేట్ తెచ్చిపెట్టినవే. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పాత సాఫ్ట్‌వేర్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రీసెట్ మీరు పెట్టుకున్న యాప్‌లనూ పాస్‌వర్డులనూ తుడిచేస్తుంది, అంతే. అప్‌డేట్ అలాగే ఉంటుంది. చోటు ఖాళీ అయినందుకు నాలుగు రోజులు కాస్త చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది.

నేనైతే చేసే పని ఇది. ఒక స్ట్రీమింగ్ స్టిక్, అంటే టీవీకి బదులు యాప్‌లు తానే నడిపే చిన్న పరికరం, కొని హెచ్‌డీఎంఐలో గుచ్చుతాను. మూడు నుంచి ఐదు వేలలో మంచివే దొరుకుతాయి. ఆ తర్వాత టీవీని వైఫై నుంచి పూర్తిగా తీసేస్తాను, పాస్‌వర్డు "ఫర్గెట్" కొట్టేస్తాను. నెట్టే లేకపోతే కొత్త ప్రకటన రాదు, కొత్త అప్‌డేట్ రాదు, మీరేం చూస్తున్నారో టీవీ నుంచి బయటికి పోదు. టీవీ ఉట్టి తెరగా మిగులుతుంది, మనకు కావాల్సిందీ అదే. చాలా టీవీల్లో ఆన్ చేయగానే నేరుగా హెచ్‌డీఎంఐకి వెళ్ళేలా పెట్టుకునే వీలుంది. అది పెడితే ఆ దయ్యం బొమ్మ పాప కంటబడదు. స్టిక్‌లోనూ ప్రకటనలు ఉంటాయి, అబద్ధం చెప్పను. కానీ పాపకి పిల్లల ప్రొఫైల్ వేరే పెట్టొచ్చు. నాలుగేళ్ళకి స్టిక్ కూడా మూలుగుతుంది, అప్పుడు పారేసేది నాలుగు వేల వస్తువు, 27 వేలది కాదు.

స్టిక్‌కి కరెంటు టీవీ వెనక ఉన్న యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. చాలా టీవీల్లో ఆ రంధ్రం స్టిక్‌కి కావలసినంత కరెంటు ఇవ్వదు, మధ్యమధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. డబ్బాలో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. మీ ఇల్లు తుమ్మలపెంట వైపు, సముద్రానికి దగ్గరైతే టీవీ వెనక వైర్ల మొనలు ఏడాదికోసారి చూసుకోండి. ఉప్పుగాలికి చిలుము పట్టి బొమ్మ మినుకుమినుకుమంటే దాన్ని కూడా సాఫ్ట్‌వేర్ ఖాతాలోకి నెట్టేస్తారు జనం.

మామగారికి ఇన్ని తంటాలెందుకు? ఎస్వీబీసీ కేబుల్లోనే వస్తుంది. యాప్ లేదు, లాగిన్ లేదు. ఛానల్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి రిమోట్ వెనక అంటించండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. వాళ్ళు చెడగొట్టినదానికి మేమెందుకు కట్టాలి అని అడిగారు. ఇన్నేళ్ళలో నాకు వచ్చిన ఉత్తరాల్లో ఇంత సూటి ప్రశ్న తక్కువ. స్టిక్ కొనుక్కుంటే మీ ఇంటి సమస్య తీరుతుంది గానీ ఈ ప్రశ్న తీరదు.

"సాఫ్ట్‌వేర్ అంటే అంతే" అన్న మీ మరిది మాట నాకు మింగుడుపడలేదు. ఆయన ఆఫీసులో ఇలాగే అంటారేమో కనుక్కోండి. ఒక బ్యాంకుకి రాత్రి అప్‌డేట్ పంపి, పొద్దున ఏటీఎంలు మందగిస్తే, "సాఫ్ట్‌వేర్ అంటే అంతే సార్" అని ఫోన్ పెట్టేస్తారా? ఆ రాత్రే పాతదానికి తిప్పేస్తారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ అప్‌డేట్‌ని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే పడిపోయినవి లేవడానికి రోజులు పట్టిందనుకోండి, కానీ తప్పు మాదేనని ఒప్పుకున్నారు, క్షమాపణ చెప్పారు, విమానాల కంపెనీ ఒకటి కోర్టుకీ లాగింది. పెద్ద కస్టమర్ అయితే వెనక్కి తిప్పే దారి ఉంటుంది, బాధ్యతా ఉంటుంది. కావలిలో ఒక ఇల్లాలి టీవీకి వచ్చేసరికి అది ప్రకృతి ధర్మం అయిపోతుంది. ఇది సాఫ్ట్‌వేర్ గుణం కాదమ్మా, ఎదుటి మనిషి గట్టిగా అడగడన్న ధీమా.

వాళ్ళు చూపించే కాగితం ఒకటుంది. టీవీ మొదటిసారి ఆన్ చేసిన రోజు "అంగీకరిస్తున్నాను" అని మీరో మీ ఆయనో నొక్కి ఉంటారు. ఆ పొడుగాటి షరతుల్లో సాఫ్ట్‌వేర్‌ని "ఉన్నది ఉన్నట్టుగా" ఇస్తున్నాం, ఏ హామీ లేదు అనే తరహా మాట తరచుగా ఉంటుంది. ఆ మాట ఇంకెవరు వాడతారో చూస్తే తమాషాగా ఉంటుంది. ప్రోగ్రాములు రాసి ఊరికే పంచిపెట్టే స్వచ్ఛంద మనుషులు ఉన్నారు. మీ టీవీ లోపల ఉన్న లినక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్ లాంటివి అలా వచ్చినవే. సెట్టింగ్స్‌లో "ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లు" అని ఉంటుంది చూడండి. వాళ్ళు "ఉచితంగా ఇస్తున్నాం, పాడైతే మమ్మల్ని అడగొద్దు" అని రాసుకుంటే అది న్యాయమే. పక్కింటావిడ చెంబుడు మజ్జిగ ఊరికే ఇస్తే, పులిసిందని బిల్లు అడుగుతామా? కానీ అదే మజ్జిగని హోటలువాడు డబ్బు తీసుకుని పోసి, పులిసిందంటే పక్కింటావిడ మాటే అప్పజెబితే ఊరుకుంటామా? 27 వేలు తీసుకున్న కంపెనీ, ఉచితంగా ఇచ్చినవాళ్ళ వాక్యం చాటున నిలబడటం నాకు ఎప్పుడూ నచ్చలేదు. నొక్కినంత మాత్రాన అన్ని షరతులూ చెల్లవు కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందం అనే మాట కొత్తగా చేర్చారు.

వేరే దేశాల్లో దీనికి శిక్షలు పడ్డాయి. అప్‌డేట్లతో పాత ఫోన్లు మందగించాయని 2018లో ఇటలీ ప్రభుత్వ సంస్థ ఆపిల్‌కి కోటి యూరోలు, సామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి వస్తువు అమ్మేవాళ్ళు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో చెప్పి తీరాలి. మన దగ్గర ట్రంకు రోడ్డు షాపులో ఆ సంగతి అడిగితే, సేల్స్ కుర్రాడు ఇంకో టీవీ సౌండ్ పెంచి చూపిస్తాడు.

మీ చేతిలో ఏముందంటే, ముందు సాక్ష్యం. టీవీ మందగించడాన్ని ఫోన్లో వీడియో తీయండి. సెట్టింగ్స్‌లో "అబౌట్" దగ్గర సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు, మోడల్ నంబరు ఫొటో తీయండి. బిల్లు వెతకండి. ఆ తర్వాత కంపెనీకి ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి. వారంటీ గురించి ఒక్క ముక్క రాయకండి, రాస్తే వాళ్ళకి తేలికైన జవాబు మీరే అందించినట్టు. వస్తువు వాడకంలో అరిగిపోవడం వేరు, ఫలానా తేదీన మీరు మా అనుమతి లేకుండా పంపిన అప్‌డేట్‌తో చెడిపోవడం వేరు అని రాయండి. పాత వెర్షన్‌కి తిప్పండి, లేదా సరిచేసిన అప్‌డేట్ ఇవ్వండి, లేదా దీనివల్ల మాకైన ఖర్చు మీరే భరించండి అని అడగండి. టికెట్ నంబరు తీసుకోండి.

రెండు వారాల్లో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. అప్పటికీ తెగకపోతే నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. సమస్య పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. మీ విషయంలో ఆ రోజు అప్‌డేట్ దిగిన రోజని వాదించొచ్చు, అందుకే ఆ తేదీ ఇప్పుడే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఒక మెలిక ఉంది. ఆ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం చూసి ఎవరైనా ఉత్సాహపడితే, అది వస్తువు వల్ల ఇతర ఆస్తికో మనుషులకో జరిగిన హానికి. టీవీయే పాడైతే అది లోపం కిందికి, సేవాలోపం కిందికి వస్తుంది. ఫిర్యాదు అలాగే రాయాలి. గెలుస్తారని మాటివ్వలేను. నాలుగేళ్ళ టీవీ అని అవతలివాళ్ళు గట్టిగానే వాదిస్తారు.

నేను కూడా ఇలాంటి పోరు ఒకటి చేశాను. మా ఇంట్లో చిన్న మీడియా ప్లేయర్ ఒకటుంది. అప్‌డేట్ అయ్యాక అందులో తెలుగు పాటల పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనపడేవి. ఘంటసాల ఏదో బాలు ఏదో తెలియక, గుడ్డిగా నొక్కి వినేవాళ్ళం. కంపెనీకి మూడు మెయిళ్ళు రాశాను. జవాబు రాలేదు. నాలుగు నెలల తర్వాత ఒకరోజు అక్షరాలు వాటంతటవే తిరిగొచ్చాయి. నా మెయిల్ చూసే సరిచేశారని మా ఆవిడ దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటాను, ఆమె నమ్మదు.

అలాగని అప్‌డేట్లంటేనే వద్దనకండి. యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్‌కి భద్రతా అప్‌డేట్ వస్తే ఆ రోజే వేసుకోండి. టీవీని నెట్ నుంచి విడదీశాక దానికి ఆ అవసరం లేదు.

మాటలు వింటుందా అన్నారు. చాలా టీవీల్లో మైకు రిమోట్‌లోనే ఉంటుంది, బొత్తాం నొక్కినప్పుడే పనిచేస్తుంది. కొన్నిట్లో టీవీలోనే మైకు ఉంటుంది, దానికి ఆపే స్విచ్చు ఎక్కడుందో వెతికి ఆపేయండి. కానీ వినడం కంటే చూడటం గురించి జాగ్రత్తపడాలి. తెర మీద ఏం ఆడుతోందో టీవీయే గుర్తుపట్టి కంపెనీకి చెప్పే ఏర్పాటు ఒకటుంది. కేబుల్లో చూసినా సరే, పట్టేస్తుంది. విజియో అనే అమెరికన్ కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి చెప్పకుండా ఇలా సమాచారం లాగిందని 2017లో 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. సామ్‌సంగ్‌లో దీన్ని "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్" అనీ, ఎల్‌జీలో "లైవ్ ప్లస్" అనీ అంటారు. ఏ కంపెనీదైనా ప్రైవసీ మెనూలో వెతికితే దొరుకుతుంది, ఆపేయండి. వైఫై తీసేస్తే ఆ బాధే లేదు.

మీ ఆయనకి ఒక్క మాట. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, షాపాయన చెప్పింది నిజమే. తెర నిజంగా పోయిన రోజున ఆ లాభం తీసుకోవచ్చు. ఆ రోజు షాపులో బొమ్మ రంగులు చూడటం కంటే ముందు ర్యామ్ ఎంత, అప్‌డేట్లు ఏ ఏడాది దాకా ఇస్తారు అని అడిగి, జవాబుని బిల్లు వెనక రాయించుకోమనండి.

మరిది ఈసారి ఇంటికి వచ్చినప్పుడు స్టిక్ పెట్టడం, తేదీ సరిచేయడం ఆయన చేతే చేయించండి, మెయిల్ ఇంగ్లీషులో రాయడం కూడా. కంపెనీ జవాబిచ్చినా ఇవ్వకపోయినా, నెల తర్వాత ఏమైందో నాకొక ఉత్తరం ముక్క రాయండి.